ఎర్ర మూత, నీలం మూత

మా ఫ్యాక్టరీలో అందరూ ఆవిడను పిన్ని అంటారు. రేపోమాపో రిటైరయ్యే స్టోర్సు సూపరింటెండెంటు ఆవిడకంటే ఏడేళ్లు పెద్దవాడు. ఆయన కూడా "పిన్నీ, ఇంకో గరిటె" అని పళ్లెం చాపుతాడు. ఆవిడ వేస్తుంది. ఇరవై ఏడేళ్లుగా క్యాంటీన్లో పనిచేస్తున్న ఆ మనిషికి అసలు పేరొకటి ఉందనీ, అది హాజరు పట్టీలో ఉందనీ తెలిసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. నేను టైమాఫీసు గుమాస్తాను. క్యాంటీన్ కమిటీకి కార్యదర్శిని కూడా. అంటే, పెద్దలు నోటికొచ్చింది మాట్లాడితే దాన్ని మినిట్స్ పుస్తకంలో ఆలోచించి మాట్లాడినట్టు రాసేవాణ్ణి. నా దస్తూరి బాగుంటుంది. ఈ కథలో నా గురించి చెప్పుకోదగ్గ మంచిమాట అదొక్కటే.

మేం నీటి మీటర్లు తయారుచేస్తాం. ఇళ్ల గోడల పక్కన గొట్టానికి బిగించి ఉంటుంది చూడండి, ముల్లు తిరిగే నీలం రంగు డబ్బా, అదే. అసెంబ్లీ షెడ్డులో బిగిస్తారు, పెయింటు గదిలో రంగేస్తారు, టెస్టింగు షెడ్డులో పరీక్షిస్తారు. పరీక్ష చాలా సులువు. ఒకే గొట్టానికి రెండు మీటర్లు వరసగా తగిలించి నీళ్లు వదులుతారు. రెండూ ఒకే అంకె చూపిస్తే సరే. తేడా వచ్చిందంటే రెండింట్లో ఒకటి అబద్ధమాడుతోందన్నమాట. ఈ పని ఇరవై ఏళ్లు చేసినవాడికి లోకంలో దేన్నైనా రెండు పక్కపక్కన పెట్టి తేల్చిపారేయొచ్చన్న ధీమా వస్తుంది. మా గొడవంతటికీ ఆ ధీమాయే మూలం.

పిన్ని ఇరవై ఆరేళ్ల వయసులో గిన్నెలు కడిగే పనికి ఇక్కడ చేరింది. అప్పటికే తల్లీ తండ్రీ లేరు, పదిహేడేళ్ల తమ్ముడున్నాడు. గిన్నెల దగ్గర్నుంచి కూరగాయలు తరిగే బల్ల దగ్గరికి, అక్కణ్ణుంచి పొయ్యి దగ్గరికి చేరడానికి ఆవిడకు నాలుగేళ్లు పట్టింది. పొయ్యి దగ్గరికొచ్చాక ఇక కదల్లేదు. తమ్ముణ్ణి కూడా ఇక్కడే పెయింటు గదిలో పెట్టించింది. ఇప్పుడతనికి నలభై నాలుగు. పెళ్లాం, ఒక కూతురు. ఫ్యాక్టరీ అంతా పిన్ని అని పిలిచే మనిషిని అక్కా అని పిలిచేది అతనొక్కడే.

మా ఫ్యాక్టరీకి నాలుగైదేళ్లకో మేనేజరు మారతాడు. ప్రతివాడూ రాగానే చేసే మొదటి పని మిషన్లు చూడ్డం కాదు, వంటగది గోడమీద నోటీసు అంటించడం. మొదటాయన వెన్న విషమన్నాడు. వెన్న పోయి వనస్పతి డబ్బాలొచ్చాయి. రెండో ఆయన వనస్పతి విషమన్నాడు. డబ్బాలు తిరిగి వెళ్లిపోయాయి. మూడో ఆయనకు గుడ్డులో పచ్చసొన పడలేదు. రోజుకు నలభై పచ్చసొనలు తీసి పక్కన పెట్టాలి. పెట్టిన చోట ఫ్యాక్టరీ పిల్లులు తయారయ్యేవి. ఆ నాలుగేళ్లలో అవి నిగనిగలాడుతూ ఎలా బలిశాయో చెప్పలేను. వాటిలో ఒక్కదానికీ గుండెపోటు వచ్చినట్టు రికార్డు లేదు. నాలుగో ఆయన నూనె చుక్క తగలకూడదన్నాడు. ఆ ఏడాది సగంమంది ఇంటినుంచి డబ్బా తెచ్చుకున్నారు, మిగతా సగంమంది ఆయన బదిలీ కోసం ఎదురుచూశారు.

పిన్ని అందరి మాటా విన్నది. నోటీసు ఏది చెబితే అది వండింది. ఒకసారి నేను కొత్త నోటీసు అంటిస్తుంటే బంక గిన్నె పట్టుకుని నిలబడి అంది.

"చూడు బాబూ, ఇన్నేళ్లలో పొయ్యి మారలేదు, గిన్నె మారలేదు, తినే నోళ్లూ మారలేదు. విషం పేరొక్కటే మారుతోంది."

ఇప్పుడున్న మేనేజరు నోటీసు అంటించలేదు. ఆయనకు ఎవరితోనూ పేచీ గిట్టదు. కానీ ఆయనొచ్చేసరికి నోటీసులు గోడ దిగి మనుషుల్లోకి వచ్చేశాయి. అసెంబ్లీ ఫోర్‌మన్, టెస్టింగు ఇన్‌స్పెక్టరు. వీళ్లిద్దరూ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటారు. కూర్చోకపోతే వాళ్లకు అరగదు.

ఫోర్‌మన్ భారీ మనిషి. గొంతు ఇంకా భారీ. వైద్యశాస్త్రం మొత్తం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. వాదించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య, అందుకేనేమో వెన్న తరఫునే వాదిస్తాడు. పాతకాలం వాళ్లు వెన్న ముద్దలు మింగి నూరేళ్లు బతికారనీ, మందుల కంపెనీలు కలిసి కొలెస్ట్రాల్ అనే బూచిని తయారుచేశాయనీ అతని సిద్ధాంతం. ఆ నూరేళ్లు బతికినవాళ్ల పక్కనే నలభై ఏళ్లకు పోయినవాళ్లు కూడా ఉండేవారని ఎవరైనా అంటే అతనికి ఆ చెవి వినపడదు.

ఇన్‌స్పెక్టరు సన్నగా, గట్టిగా, గొట్టంలాగే ఉంటాడు. బిస్కెట్ పొట్లం కొన్నా వెనక అట్టమీద చిన్న అక్షరాలన్నీ చదివి, నిట్టూర్చి, తిరిగి ఇచ్చేస్తాడు. కొవ్వు అనే మాట వినబడితే చేయి గుండెమీదికి పోతుంది.

"కొలెస్ట్రాల్ లేకపోతే మెదడే పనిచేయదండీ!" అంటాడు ఫోర్‌మన్.

"మీకు అంత ఉండి కూడా పనిచేయడం లేదు కదండీ" అంటాడు ఇన్‌స్పెక్టరు.

ఇలా రోజూ. వినడానికి సరదాగానే ఉండేది. మధ్యలో పిన్ని తమ్ముడు, మా పెయింటరు, రంగు గదిలో కుప్పకూలేదాకా.

అది జరిగి రెండేళ్లయింది. గుండెకు పోయే రక్తనాళంలో అడ్డు ఉందన్నారు, స్టెంట్ వేశారు. ఇక జీవితాంతం రోజూ మాత్రలు వేసుకోవాలన్నారు. అందులో కొలెస్ట్రాల్ తగ్గించేది ముఖ్యమైనది. పెయింటరు మాత్రలు కొనేవాడు, వేసుకునేవాడు కాదు. మతిమరుపు కాదు. మొహమాటం. నలభై రెండేళ్లకే రోగిష్టివాణ్ణని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. తోటివాళ్లు డ్రమ్ములు ఎత్తుతుంటే "నువ్వొద్దులే, నువ్వు కూర్చో" అనేవాళ్లు. జాలితోనే అనేవాళ్లు గానీ, ఆ మాట పడ్డప్పుడల్లా అతని మొహం మాడిపోవడం నేను చూశాను. పిన్ని కూడా చూసింది. నేను చెప్పబోయే ప్రయోగానికి నాలుగైదు రోజుల ముందు అతని చొక్కా జేబులో విప్పని మాత్రల అట్టలు నాలుగు దొరికాయి. ఆ రోజునుంచి మాత్ర ఆవిడ చేతికొచ్చింది. మధ్యాహ్నం పళ్లెం పక్కన మాత్ర పెట్టి, గొంతు కదిలేదాకా ఎదురుగా నిలబడేది.

ఇక ప్రయోగం. ఒకరోజు వాదం ముదిరి ఫోర్‌మన్ గ్లాసు నేలకేసి కొట్టాడు. గ్లాసు స్టీలుది కాబట్టి చప్పుడు తప్ప నష్టం లేదు. మేనేజరు ఇద్దర్నీ పిలిపించి, శాస్త్రీయంగా తేల్చుకోండి, ఎలాగూ మనది పరీక్షలు చేసే సంస్థే కదా అన్నాడు. ఇన్‌స్పెక్టరు కళ్లు మెరిశాయి. రెండు బల్లలు. ఒక బల్లకు వెన్నతో వండిన కూర, ఎర్ర మూత గిన్నెలో. రెండో బల్లకు చెంచాడు నూనెతో వండిన కూర, నీలం మూత గిన్నెలో. మొదట అందరికీ రక్తపరీక్ష, మూడు నెలల తర్వాత మళ్లీ రక్తపరీక్ష. గుడ్డు విషయంలో మాత్రం రెండు వర్గాలకూ రాజీ కుదరక రెండు బల్లలకూ గుడ్డు రద్దు చేశారు. సూపు, రొట్టె ఇద్దరికీ ఒకటే.

ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్నది ఎవరిష్టానికి వాళ్లకే వదిలేశారు. బలవంతం పెట్టడం శాస్త్రీయం కాదని ఫోర్‌మన్ అన్నాడు. దాంతో వెన్నంటే ప్రాణం పెట్టేవాళ్లూ, పొట్టలున్నవాళ్లూ, బీపీలున్నవాళ్లూ ఎర్ర మూత దగ్గర చేరారు. ఉదయం పూట నడిచేవాళ్లూ, అరుగుదల గురించి దిగులు పడేవాళ్లూ నీలం మూత దగ్గర చేరారు. బల్లకు ఇరవై ఒక్కరు. కార్యదర్శిగా నేను తటస్థంగా ఉండాలి కాబట్టి ఎర్ర బల్ల దగ్గర తటస్థంగా కూర్చున్నాను. పెయింటరు నా పక్కనే. "వెన్న తిని చచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు" అని ఫోర్‌మన్ అతని భుజం తట్టి మరీ కూర్చోబెట్టాడు.

మొదటి పరీక్ష రిపోర్టులు రాగానే బుధవారాల్లో వచ్చే డాక్టరమ్మ పదకొండు మందిని లోపలికి పిలిచింది. చెడ్డ కొలెస్ట్రాల్ మరీ ఎక్కువుంది, మాత్ర మొదలుపెట్టమంది. పదకొండు మందిలో నేనొకణ్ణి. ఇద్దరు నీలం బల్ల వాళ్లు. వాళ్లు ససేమిరా అన్నారు. తిండితోనే తగ్గించి చూపిస్తామని ఇన్‌స్పెక్టరు తరఫున శపథం పట్టారు. మిగిలిన తొమ్మిది మందిమి ఎర్ర బల్ల. మేం మాత్రలు తీసుకున్నాం. ఇంట్లో తెలిస్తే లేనిపోని కంగారు, అందుకని పిన్నికిచ్చి దాచమన్నాం. ఆవిడ తమ్ముడికి ఎలా పెట్టేదో మాకూ అలాగే పళ్లేల పక్కన పెట్టింది. అతనితో కలిపి పదిమంది. ఎదురుగా నిలబడి గొంతులు చూసేది. మూడు నెలల్లో ఒక్క రోజు కూడా ఎవర్నీ వదల్లేదు.

రెండో వారంలో వంటగదిలో ఉన్న రెండు పెద్ద గ్యాసు పొయ్యిల్లో ఒకటి చెడిపోయింది. పిన్ని కాగితం మీద రాయించుకుని నా దగ్గరికొచ్చింది. దానిమీద "కమిటీ ముందుంచవలెను" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఫైల్లో పెట్టాను. కమిటీకి ఆ వారం తీరిక లేదు. రెండు బల్లల మధ్య తెర కట్టాలా అక్కర్లేదా అన్నదానిమీద మూడు సమావేశాలు జరిగాయి. వాసన వల్ల ఫలితం తారుమారవుతుందని ఇన్‌స్పెక్టరు భయం.

"బాబూ, పొయ్యి" అంది పిన్ని పది రోజుల తర్వాత.

"చూస్తున్నా పిన్నీ."

"ఒక్క పొయ్యి మీద సూపు కాచి, రొట్టెలు కాల్చి, ఆ పైన రెండు కూరలు పన్నెండున్నరకల్లా ఎలా అవుతాయి?"

"ఎలాగో సర్దుకో పిన్నీ, ఈ మూడు నెలలూ."

ఆవిడ సర్దుకుంది. ఎలా సర్దుకుందని నేను అడగలేదు. మా ఫ్యాక్టరీలో సర్దుకున్నవాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

మూడు నెలలూ రెండు బల్లలూ ఎవరి కూరను వాళ్లు పొగుడుకుంటూ తిన్నాయి. ఫోర్‌మన్ మూత తీయగానే కళ్లు మూసుకుని వాసన పీల్చేవాడు. "ఇదీ తిండంటే! అటు చూడండి, పాపం, గడ్డి తింటున్నారు." అవతల ఇన్‌స్పెక్టరు రుమాలుతో పెదాలు తుడుచుకుని చూపించేవాడు, జిడ్డు లేదని. ఎర్ర బల్లలో ఒకడికి మోకాళ్ల నొప్పులు పోయాయి. నీలం బల్లలో ఒకడికి నిద్ర బాగా పట్టింది. ఒకాయనకు బట్టతల మీద వెంట్రుకలు మొలుస్తున్నట్టు అనిపించింది. ఏ బల్లాయనో మరిచిపోయాను.

రెండో పరీక్ష ఫలితాలొచ్చాయి. ఎర్ర బల్ల సగటు చెడ్డ కొలెస్ట్రాల్ బాగా పడిపోయింది. నీలం బల్లది ఉన్నచోటే ఉండి, రెండు మూడు అంకెలు పైకి జరిగింది. వెన్న గెలిచింది!

డాక్టరమ్మ కాగితం మీద పేర్లు చూసి, "తగ్గింది ఆ పదిమందికే కదండీ. వాళ్లు మాత్ర వేసుకుంటున్నారు. మిగతా పదకొండు మందికి ఏం తగ్గింది? వెన్న మంచిదా చెడ్డదా అని మీరెంతైనా కొట్టుకోండి, మాత్ర మాత్రం మానొద్దు. ముఖ్యంగా ఆ స్టెంట్ వేయించుకున్నాయన" అంది. ఫోర్‌మన్ వినయంగా తలూపి, ఆవిడ కారెక్కగానే "డాక్టర్లు అలాగే అంటారు, వాళ్ల బతుకుతెరువు కదా" అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఓటమి ఒప్పుకోలేదు. పెరిగిన ఆ రెండు మూడు అంకెలు మంచి జాతి కొలెస్ట్రాల్‌వని నిరూపిస్తూ పద్నాలుగు పేజీల వివరణ రాయడానికి కూర్చున్నాడు.

ఆ శుక్రవారం క్యాంటీన్లో విజయోత్సవం. ఫోర్‌మన్ కుర్చీ ఎక్కి మాట్లాడాడు. చివర్న పెయింటరును పైకి పిలిచాడు. "గుండెలో స్టెంట్ ఉన్న మనిషి! మూడు నెలలు వెన్న తిన్నాడు! ఈ అంకె చూడండి!" చప్పట్లు. పెయింటరు జేబులోంచి, ఆ ఉదయమే అక్క దగ్గర అడిగి తీసుకున్న మాత్రల అట్ట తీసి చెత్తబుట్టలో పడేశాడు. ఇంకా గట్టిగా చప్పట్లు. ఎవరో "ఇక డ్రమ్ములెత్తొచ్చు నువ్వు!" అని అరిచారు. నేనా మనిషి మొహంలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. రెండేళ్లుగా రోగిగా తిరిగినవాడు ఆ క్షణంలో మళ్లీ మనిషయ్యాడు. అందుకే అతన్ని నేను తప్పుపట్టలేను. మిగతా తొమ్మిది మందిమి కూడా లేచి, వంటగది అరలో పిన్ని దాచిన మా అట్టలు తెచ్చి పడేశాం. నాకు సంతోషమేమీ లేదు, అందరూ లేచారు కాబట్టి లేచాను.

పిన్ని ఖాళీ పళ్లేల దొంతి పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. చేతులు ఖాళీ లేవనుకున్నాను.

మర్నాడు ఆవిడ తమ్ముడితో గొడవ పడటం విన్నాను.

"ఒరేయ్, నా మాట విని మాత్ర వేసుకోరా."

"రిపోర్టు చూశావా అక్కా? నూట అరవై ఉన్నది డెబ్భైకొచ్చింది. వెన్నతో!"

"వెన్నతో కాదురా."

"మరి దేంతో?"

ఆవిడ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. నన్ను చూసి మూసుకుందని నాకు తర్వాత తెలిసింది. కమిటీ కార్యదర్శిని కదా.

ఎనిమిదో రోజున పెయింటరు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి రెయిలింగు పట్టుకున్నాడు. రంగు వాసన ఘాటుగా ఉందన్నాడు. ఆ రంగు వాసనలో ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషి. ఆ సాయంత్రం పిన్ని టైమాఫీసులోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"బాబూ, రెండు కూరలూ ఒకటే."

నాకర్థం కాలేదు.

"నాలుగో వారం నుంచి ఒకే గిన్నెలో వండాను. ఒక్క పొయ్యేగా. ఇచ్చిన వెన్నా ఇచ్చిన నూనే రెండూ అందులోనే వేసి, సగం ఎర్ర మూత కింద, సగం నీలం మూత కింద పెట్టాను. వీళ్లంతా తిన్నది ఒకటే కూర."

నా గుండె ఝల్లుమంది. చెడ్డ కొలెస్ట్రాల్ వల్ల కాదు. ఫైల్లో ఉన్న ఆ కాగితమూ, దానిమీద నా ముత్యాల్లాంటి అక్షరాలూ కళ్లముందు కనబడ్డాయి. ఒకే గొట్టంలో ఒకే నీళ్లు పారుతుంటే, రెండు మీటర్లు చూసి నీళ్లే వేరని తీర్పు చెప్పారు మా వాళ్లు, అదీ మీటర్లు తయారుచేసేవాళ్లు.

"పిన్నీ, నాతో అన్నావు సరే. ఇంకెవరితోనూ అనకు. ఉద్యోగం పోతుంది."

"వాడు పోతే?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు.

మర్నాడే కమిటీ సమావేశం. ఫలితాన్ని ఆమోదించి రికార్డు చేయాలి. అంతకుముందే మేనేజరు దాన్ని హెడ్డాఫీసుకు పంపేశాడు, ఆమోదం లాంఛనం. మేనేజరు, ఫోర్‌మన్, ఇన్‌స్పెక్టరు, స్టోర్సు సూపరింటెండెంటు, నేను. ఫొటో కోసం పెయింటరును కూడా పిలిపించారు. పిన్ని రెండు గిన్నెలూ మోసుకొచ్చి బల్లమీద పెట్టి, నాతో చెప్పిన మాటే వాళ్లతోనూ చెప్పింది. నాతో చెప్పినప్పటికంటే తొణక్కుండా చెప్పింది. మాత్రల సంగతి కూడా చెప్పింది. పొయ్యి చెడిపోయిందని అంది గానీ, కాగితం ఎవరికిచ్చిందో అనలేదు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఇన్‌స్పెక్టరు సంతోషిస్తాడనుకున్నాను. వెన్న గెలుపు గాలికి కొట్టుకుపోయింది కదా. ఆయన మొహం ఫోర్‌మన్ మొహంకంటే ఎర్రబడింది. "మూడు నెలలు నాకు ఒళ్లు తేలిగ్గా ఉంది! అది అబద్ధమా?"

"నా నాలుకకు రుచి తెలీదంటావా?" అన్నాడు ఫోర్‌మన్.

"తెలీదంటే తప్పవుతుందిగానీ, ఇప్పుడే తిని చెప్పండి" అని పిన్ని మూతలు తీసి చెంచాలు అందించింది.

ఇద్దరూ తిన్నారు. ఫోర్‌మన్ ఎర్ర మూత గిన్నెలోది నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇదిగో, ఈ కమ్మదనం! వెన్నది కాకపోతే ఇంకెక్కణ్ణుంచి వస్తుంది?" ఇన్‌స్పెక్టరు నీలం మూత గిన్నెలోది తిని, "చూశారా, నాలుకమీద జిడ్డు ఆనవాలే లేదు" అన్నాడు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒకరి మాటకు ఒకరు తలూపుకోవడం అదే మొదటిసారి.

"ఇవాళ స్టోర్సునుంచి వెన్నే రాలేదు. అడగండి" అంది పిన్ని.

అందరూ సూపరింటెండెంటు వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నిజమే. సరుకు రాలేదు. రేపు వస్తుంది."

పెయింటరు లేచి వచ్చి ఒక చెంచాతో రెండు గిన్నెల్లోంచీ తిన్నాడు. అతను చిన్నప్పటినుంచీ తిన్న చేతివంట అది.

"రెండూ ఒకటే" అన్నాడు మెల్లగా.

"నువ్వు కూర్చోవయ్యా, పేషెంటువి" అన్నాడు ఫోర్‌మన్.

నిన్నటిదాకా ఆ మనిషే డ్రమ్ములెత్తే వీరుడు. పెయింటరు కూర్చోలేదు. చెంచా బల్లమీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత తీర్మానానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నోటీసుల విషయంలో ఇన్నేళ్లుగా కొట్టుకున్నవాళ్లు పిన్ని విషయంలో ఒక్క మాటమీద నిలబడ్డారు. మేనేజరు చెబుతుంటే నేను రాశాను. వంటమనిషి శాస్త్రీయ ప్రయోగంలో అవకతవకలకు పాల్పడి కమిటీని మోసగించినందున విధుల నుంచి తొలగించడమైనది. ప్రయోగ ఫలితం ఇదివరకే హెడ్డాఫీసుకు చేరినందున దాన్ని యథాతథంగా ఆమోదించడమైనది. ఈ రెండు వాక్యాలు ఒకే కాగితం మీద పక్కపక్కన ఎలా ఉంటాయని నాకు అనుమానం రాకపోలేదు. అడగలేదు. "పొయ్యి గురించి కాగితం నాకిచ్చింది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి, కానీ జరిగింది అదే.

నకలు రాసుకుని ఆవిడ సంతకం కోసం వంటగదికి వెళ్లాను. పిన్ని పెద్ద గిన్నె తోముతోంది. చేతులు తుడుచుకుని, కాగితం చదవకుండానే ఎక్కడ సంతకం పెట్టాలో అడిగింది. చూపించాను. ఇరవై ఏడేళ్లుగా ఎవరూ పిలవని తన పేరును నెమ్మదిగా, అక్షరం తర్వాత అక్షరం రాసింది.

అప్పుడు పెయింటరు వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నా వల్లే కదక్కా."

"నీ వల్ల కాక ఇంకెవరి వల్లరా?" అంది ఆవిడ. "రా ఇలా. నోరు తెరు."

సంచిలోంచి మాత్రల అట్టలు తీసింది. పదీ ఉన్నాయి. ఆ శుక్రవారం అందరూ వెళ్లాక చెత్తబుట్టలోంచి ఏరి, తుడిచి పెట్టుకుందట. పెయింటరు వచ్చి నోరు తెరిచాడు. ఆవిడ మాత్ర వేసి, గ్లాసు పెదాలకు ఆనించి, గొంతు కదిలేదాకా చూసింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ గ్లాసు కడిగి, మళ్లీ నీళ్లు నింపి నా వైపు తిరిగింది.

"నువ్వు మళ్లీ కొనుక్కున్నావా బాబూ?"

"లేదు పిన్నీ."

"ఆ కాగితం పక్కన పెట్టి, నోరు తెరువు."

కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు, తడి బల్లమీద పెడితే అలుక్కుపోతుంది. ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేసిన తీర్మానాన్ని చేత్తో పట్టుకునే నోరు తెరిచాను.